ఏటి దిక్కు తిప్పు, నాయినా

మోకాళ్ల నొప్పులని నేనెంత మొత్తుకున్నా వినకుండా, మా మేనకోడలు సరిత పోయిన చలికాలం నన్ను నల్లమలకు తీసుకుపోయింది. తను నాగర్‌కర్నూలులో టీచరు. సెలవు దొరికితే చాలు, ఫోన్ పట్టుకొని పిట్టలనీ జంతువులనీ అడవుల వెంట పడుతుంది. అక్కడ అడవి లోపలికి కొంత దూరం జీపులో తిప్పి చూపిస్తారు. మా జీపు నడిపిన పెద్దాయన ఆ అడవిలోని చెంచు పెంటలోనే, అంటే చెంచుల గూడెంలోనే, పుట్టి పెరిగినవాడు. చెట్లు పలచబడి గడ్డి బాగా పెరిగిన ఒకచోట బండి నెమ్మది చేశాడు. కొంచెం దూరంలో చుక్కల దుప్పులు మేస్తున్నాయి. సరిత ఆత్రంగా దిగబోయింది. "దిగకమ్మా. బండిని జూస్తె ఏమనుకోవు గాని, మనిషి కాలు కింద వెట్టిండంటె ఉరుకుతయ్" అన్నాడాయన.

ఆ మాట నాకు కొత్త కాదు. నాకింకా పుస్తకాల సంచీ మోసే వయసున్నప్పుడు, ధరూరు పక్కన ఒక చేనుగట్టు మీద మా పెద్దమ్మ సవారమ్మ నోట సరిగ్గా ఇదే మాట విన్నాను. ఇంతలో ఒక మగదుప్పి తలెత్తి మా వైపు చూసి పక్కకు నడిచింది. సరిత ఫోన్ ఎత్తింది. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట బయటికొచ్చేసింది. "ఏటి దిక్కు తిప్పు, నాయినా. ఇంక జర ఏటి దిక్కు." సరిత ఫోన్ దించి నా మొఖంలోకి చూసింది. "ఎవరితోని మాట్లాడుతున్నవత్తా? ఈడ ఏరు ఏడుంది?" అంది. అక్కడ ఏరూ లేదు, నాయినా లేడు. ఇంటికొచ్చాక చెప్తాలే అన్నాను. చెప్పడం మొదలుపెడితే ఒక పూటతో అయ్యేటట్టు లేదు. అందుకే రాస్తున్నాను.

మా నాయిన తిమ్మప్పకు గద్వాలలో ఫోటో స్టూడియో ఉండేది. ముందు గది స్టూడియో, నడిమిది ఫోటోలు కడిగే చీకటి గది, వెనక మేము. పక్కింట్లో మగ్గం చప్పుడు పొద్దున మొదలైతే అన్నం వేళకు గానీ ఆగేది కాదు. ఆగినప్పుడే అది మాకు వినపడేది. అమ్మ జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఆ కమ్మటి వాసనా, చీకటి గదిలోంచి వచ్చే హైపో మందు పుల్లటి వాసనా నడవలో కలిసేవి. ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా రొట్టె కాలుతున్న వాసన తగిలితే నా ముక్కు ఆ రెండో వాసన కోసం వెతుకుతుంది. మందుల వల్ల నాయిన వేళ్లు గోధుమరంగు మరకలు కట్టి ఉండేవి. నిమ్మచెక్కతో రుద్దుకొని రానిదే అమ్మ కంచం పెట్టేది కాదు. "ఆ చేతులతోని తింటె కడుపుల గూడ ఫోటోలు వడ్తయ్" అనేది. తడి ఫోటోలు దండెం మీద మా బట్టల పక్కనే ఆరేవి. కొత్త పెళ్లికొడుకులూ, బోసినోటి పిల్లలూ, కళ్లు పెద్దవి చేసి చూసే ముసలమ్మలూ గాలికి ఊగుతుండేవారు. నేను కింద కూర్చొని చదువుకుంటూ తలెత్తితే వాళ్లలో ఎవరో ఒకరు నన్నే చూస్తున్నట్టుండేది.

స్టూడియోలో వెనకాల ఒక పర్దా ఉండేది. దాని మీద పాలరాతి మెట్లు, పూలతోట, ఆ తోటలో ఒక జింక. రాయచూరు నుంచి వచ్చిన పెయింటరు గీశాడు. పాపం ఆయన జింకను ఎన్నడూ చూసినట్టు లేదు. కృష్ణ ఒడ్డు ఊళ్ల రైతులు ఫోటో దిగడానికి వస్తే ముందు దాన్ని చూసి నవ్వేవారు. పొద్దున లేస్తే జింకల మొఖమే చూసేవాళ్లాయె. "గిదేంది తిమ్మప్పన్నా, మేకకు కొమ్ములు వెట్టిచ్చినవ్?" అనేవారు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఫోటో మంచిగొస్తది" అనేవాడు నాయిన. వాళ్లు పోయాక మాత్రం, "ఎన్నడన్న ఒకనాడు నిజమైన నల్లజింకను దీసి ఈ గోడకు తగిలియ్యాలె. అది గూడ గాల్ల ఉండంగ" అని నాతో అనేవాడు. జీవితమంతా మనుషులను కదలకుండా కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి ఫోటోలు తీసిన మనిషి. కదలక మానని ప్రాణి మీద ఆయనకు మనసు పడింది.

చీకటి గదిలో వెలిగేది ఒక్క ఎర్రబుగ్గ, అంటే ఎర్ర రంగు పూసిన బల్బు. ఆ వెలుగులో ఫోటో కాగితం పాడుకాదు. ఒక వానకాలం నాయినకు ఆ బుగ్గ మీద అనుమానం మొదలైంది. "ఈ బుగ్గల దమ్ము లేదు" అని తీసుకుపోయి దుకాణం ఆయనతో జగడం పెట్టుకొని ఇంకోటి తెచ్చేవాడు. అదీ అంతే అనేవాడు. కరెంటు సరిగ్గా రావడం లేదనేవాడు, ఎర్ర రంగు ఎక్కువ పూశారనేవాడు, ముసురు పట్టిందనేవాడు. నన్ను పిలిచి, "బిడ్డా, మొఖం తేలిందా జూడు" అనేవాడు. నాకు చక్కగా కనపడేది. ఎన్ని బుగ్గలు మార్చినా తన కన్ను సంగతి ఆయనకు తోచలేదు. వెలుగుతో బతికేవాడు కదా, లోపమేదైనా వెలుగులోనే వెతికాడు. పొద్దుగూకే వేళ వాకిట్లో నీళ్ల బకెట్టుకు తట్టుకొని పడ్డాక గానీ అమ్మకు అనుమానం రాలేదు. మరునాడే కర్నూలు దవాఖానకు బయలుదేరదీసింది.

కంటి లోపలి పొర ఎండిపోతూ వస్తున్నదనీ, దానికి మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ముందు రేచీకటి, తర్వాత పక్కలు కనపడవు, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కొంచెం మిగులుతుంది, చివరికి అదీ పోతుంది. వచ్చేటప్పుడు బస్సులో నాయిన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఊళ్ల ఎవ్వరికి జెప్పొద్దు. కండ్లు లేని ఫోటోగ్రాఫరు కాడికి ఎవరొస్తరు?" అన్నాడు. అమ్మ సరేనని తల ఊపింది. ఆనాటి నుంచి బడి వదలగానే నేను స్టూడియోలోకి వచ్చేదాన్ని. కుర్చీ దారికి అడ్డముంటే జరిపేదాన్ని, ఫిలిం అందించేదాన్ని, చీకటి గదిలో ఏ మొఖం ఎంత తేలిందో చెప్పేదాన్ని. గిరాకులకు అనుమానం రాకుండా మేమిద్దరం నెట్టుకొచ్చాం. ఒక సాయంత్రం ఆయన మనసులో మాట బయటపెట్టాడు. చూపు ఉండగానే ఆ నల్లజింక ఫోటో తియ్యాలి. తీసి, దాన్ని తన కళ్లతో తనే చూడాలి. "ఇంకేం వద్దు బిడ్డా. గదొక్కటి" అన్నాడు.

మా సొంతూరు ధరూరు పక్కనే. పెదనాయిన పోయాక సేద్యమంతా సవారమ్మ పెద్దమ్మే చూసుకునేది. నాగలి తప్ప అన్నీ పట్టింది, బండి కూడా తనే తోలేది. బుడ్డల చేనుకు, అంటే వేరుశనగ చేనుకు, ఏటి ఒడ్డు నుంచి జింకలు మందలుగా వచ్చి పడేవి. వాటితో ఆమెకు నిత్యం యుద్ధమే. "మీ మొఖాన మన్నువడ" అని గట్టు మీద నిలబడి తిట్టేది. అట్లాగని ఊరికే తిట్టి ఊరుకునేది కాదు, విత్తనం వేసేనాడు ఏటివైపు అంచున రెండు సాళ్లు జొన్న చల్లి, "ఇది మీకు, అది నాకు" అని పైకి చెప్పేది. జింకలు రెండూ తినేవి. మళ్లీ ఏడు మళ్లీ చల్లేది. "మాట దప్పింది అవి, నేను గాదు" అనేది.

కళ్ల సంగతి నాయిన ఊళ్లో ఆమెకొక్కదానికే చెప్పాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకొని, అయ్యో అనడం లాంటివేవీ లేకుండా నేరుగా పనిలోకి దిగింది. "మరిదీ, నువ్వు నడ్సుకుంట పోతే జింక గాదు, దాని తోక గూడ దొరకదు. ఎద్దుల బండిని జూస్తె ఏమనుకోవు. మనిషి కాలు కింద వెట్టిండంటె ఉరుకుతయ్. నేను తోల్త. బండి మాత్రం ఆపేది లేదు. ఆగిందంటె వాటికి అనుమానమొస్తది" అంది. అట్లా ఎరువు తోలే బండిలో గడ్డి పరిచి, నాయిననూ నన్నూ ఎక్కించుకొని, ఏటి ఒడ్డు బీళ్లలోకి తోలింది. బండి ఊగిసలాటకు నాయిన ఒడిలోంచి కెమెరా జారకుండా నేను రెండు చేతులా పట్టుకున్నాను.

ఆ కెమెరా సంగతి చెప్పాలి. ఇప్పటివాటిలా కంటికి ఆనించుకునేది కాదు. పొట్ట దగ్గర పట్టుకొని, పైమూత తెరిచి, వంగి లోపలికి చూస్తే అద్దం మీద బొమ్మ కనపడుతుంది. ఆ బొమ్మలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. స్టూడియోలో కదలక కూర్చున్న మనిషితో అదేం ఇబ్బంది కాదు. బీట్లో జింకతో అది మా ప్రాణం తీసింది. నాయినకు ఎదురుగా ఉన్న కొంచెమే కనపడుతుంది గనుక మంద ఎక్కడుందో నేను చెప్పాలి. నేను "ఎడమకు" అంటాను. ఆయన అలవాటు కొద్దీ దాన్ని అద్దంలోని ఎడమ అనుకొని కెమెరాను కుడికి తిప్పుతాడు. ఆయన తిరగేసుకుంటున్నాడని అర్థమై నేనే ముందుగా తిరగేసి చెప్తాను. సరిగ్గా అప్పుడే ఆయన తిరగేసుకోవడం మానేస్తాడు. "ఎడమంటె ఏ ఎడమ?" అని ఆయన, "నీ ఎడమ గాదు నాయినా, నా ఎడమ" అని నేను. పక్కపక్కనే కూర్చున్నవాళ్లకు రెండు ఎడమలేమిటో నాకిప్పటికీ తెలియదు. గద్వాలకు పోయి ఫిలిం కడిగితే గడ్డి వచ్చింది, మబ్బు వచ్చింది, ఎద్దు కొమ్ము వచ్చింది, పెద్దమ్మ మోచేయి మహా అందంగా వచ్చింది. జింక మాత్రం లేదు.

ఆ సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ పొట్ట చేతపట్టుకొని నవ్వింది. "అయ్యబిడ్డలిద్దరు సదువుకున్నోళ్లు గదా, గీంత దానికి పరేషానేంది? ఏరు ఆ దిక్కుంది, బాయి ఈ దిక్కుంది. మీ అద్దంల ఏరు గూడ జాగ మారుతదా? ఏటి దిక్కు అను, బాయి దిక్కు అను. ఒడుస్తది" అంది. నాయిన కూడా నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికే ఆయన బండి ఎక్కేటప్పుడు చక్రం ఎక్కడుందో చేత్తో తడుముతున్నాడు. ఇంకెన్నిసార్లు రాగలమో తెలియదు.

అయితే ఆ మొదటి విడతలో బండి మీద నుంచి నేనొకటి గమనించాను. మంద బెదిరి ఉరికేటప్పుడు ముందు జింక ఒకచోట ఎగిరి దూకితే, వెనక వచ్చేవన్నీ సరిగ్గా అక్కడికే వచ్చి దూకుతాయి. అక్కడ రాయీ ఉండదు, గట్టూ ఉండదు. ముందుది దూకింది కాబట్టి ఇదీ దూకుతుంది, అంతే. ఆడజింకలన్నీ పోయాక చివర్లో నల్లది వస్తుంది. నాయినకు ఈ మాట చెప్పాను. "అట్లయితె దాన్ని నేను దేవులాడే పనే లేదు. జాగ వట్టుకోని కూసుంట. అదే నా కాడికొస్తది" అన్నాడు. ఆ మాటన్నప్పుడు ఆయన గొంతులో హుషారు విని చాలా రోజులైంది అనిపించింది.

రెండోసారి పోయింది చలి పొద్దున. ఏటి మీద మంచు ఇంకా విచ్చలేదు, ఎద్దుల ముక్కుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. పెద్దమ్మ తలకు కంబళి చుట్టుకొని, ఎవరి పొలానికో ఎరువు తోలుతున్నట్టు, మంద పక్క నుంచి నింపాదిగా తోలింది. నల్లది మెడ నిగిడించి చూసి మళ్లీ మేతలో పడింది. వీపు నల్లగా, కడుపు తెల్లగా, మెలికలు తిరిగిన కొమ్ములు. మంద ఎటు ఉరికేదీ పెద్దమ్మకు తెలుసు గనుక ఆ దారిలో ఒక తుమ్మచెట్టును గురుతు పెట్టుకున్నాం. "ఏటి దిక్కు తిప్పు, నాయినా. ఇంక జర ఏటి దిక్కు. తుమ్మచెట్టు కనవడ్డదా?" అన్నాను చిన్నగా. "కనవడ్డది." "బండితోపాటు తిప్పుకుంట రా. చెట్టును ఇడువకు." ఆయన అట్లాగే, బండి ముందుకు పోయినకొద్దీ కెమెరాను కొంచెం కొంచెంగా తిప్పుతూ చెట్టును పట్టుకునే ఉన్నాడు. అప్పుడు పెద్దమ్మ బండి మీద లేచి నిలబడి తన బుడ్డల తిట్లన్నీ ఒక్కసారిగా అందుకుంది.

మంద లేచింది. ముందు జింక తుమ్మచెట్టు పక్కన ఎగిరింది. దాని వెనకది అక్కడే ఎగిరింది, ఆ వెనకదీ అక్కడే. నాయిన ఊపిరి బిగబట్టాడు. ఊళ్లో అందరితో బిగబట్టించిన మనిషి ఆ పూట తను బిగబట్టాడు. చివరికి నల్లది వచ్చింది. "ఇగో" అన్నాను. టక్కుమంది. బండి ఆగకుండా పోతూనే ఉంది. "వచ్చిందంటవా?" అన్నాడు నాయిన. "తెల్వదు నాయినా" అన్నాను. నిజంగానే తెలియదు.

ఆ మధ్యాహ్నమే గద్వాలలో ఫిలిం కడిగి, ఆరబెట్టి, కాగితం మీదికి ఎక్కించాను. అప్పటికి ఆ పనంతా నాదే. నాయిన నా వెనక గూటి అంచు పట్టుకొని నిలబడ్డాడు. మందు నీళ్లలో తెల్ల కాగితం మీద మొదట ఒక నల్లటి మచ్చ తేలింది. "ఏమొస్తుంది?" అన్నాడు. "వీపు వస్తుంది నాయినా. కొమ్ములొస్తున్నయ్." "కాళ్లు?" కాళ్లు తేలడానికి ఇంకొంచెం సేపు పట్టింది. "నేల మీద లెవ్వు. నాలుగు కాళ్లు గాల్లనే ఉన్నయ్" అన్నాను. హైపోలోంచి తీసి నీళ్లలో జాడించగానే, నాయిన ఆరబెట్టనియ్యకుండా తడి ఫోటోను రెండు చేతులా పట్టుకొని వెనక వాకిట్లోకి, ఎండలోకి నడిచాడు.

ఆయనకు దాన్ని ఒక్క చూపులో చూసే కన్ను లేదు. అందుకని ముక్కలు ముక్కలుగా చూశాడు. మొఖానికి దగ్గరగా తెచ్చి, మళ్లీ దూరం పెట్టి, ఒక మూల నుంచి మొదలుపెట్టి బియ్యంలో రాళ్లేరినట్టు వెతికాడు. ముందు కొమ్ము దొరికింది. దాన్ని పట్టుకొని కిందికి వస్తే చెవి, తర్వాత కన్ను, మెడ, కడుపు మీది తెలుపు. మధ్యలో దారి తప్పితే మళ్లీ కొమ్ము దగ్గర నుంచి మొదలుపెట్టాడు. నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. అమ్మ పొయ్యి మీది రొట్టె వదిలేసి వచ్చి పక్కన నిలబడింది. చివరి గిట్ట దాకా చూసి, దాని కింద ఖాళీగా ఉన్న నేలను కూడా చూసి, "సూసిన. మొత్తం సూసిన" అన్నాడు. నేను ఏడ్చేశాను. సంతోషానికే ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఏడుపు వస్తున్నది.

నల్లమలలో సరిత ఆ ఒక్క పూటలో లెక్కలేనన్ని ఫోటోలు తీసింది. కొన్ని ఎంత బాగున్నాయంటే దుప్పి కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. మా ఫోటోలో కొమ్ము చివర మసకే. ఆ రోజులే వేరని మూలిగే ముసలితనం నాకింకా రాలేదు. వచ్చినా ఈ విషయంలో రానివ్వను. నాయిన చేతికి అప్పుడు ఇట్లాంటిది ఉంటే ఎంత సంబరపడేవాడో. పెద్దమ్మ లేదిప్పుడు. ఆ బీళ్లకు నీళ్లొచ్చి వరీ పత్తీ అయ్యాయి, జింకలూ పెరిగాయి. చేను చుట్టూ పాతచీరలు కట్టి కాపలా కాసే ఆమె మనవడు, "నీకేం అత్తా, ఫోటో దీస్కోని పోతవ్. కాసేది మేం గదా" అన్నాడు మొన్న. వాడన్నదీ నిజమే. వాడిని తప్పు పట్టే హక్కు నాకు లేదు. అయినా ఆ నేలకూ, ఆ బండికీ, తిట్టుకుంటూనే మా కోసం ఎద్దులు కట్టిన ఆ తల్లికీ నేను బతికినన్నాళ్లూ రుణపడే ఉంటాను. నేను చూసింది ఇంకొకరికి కనపడేటట్టు చెప్పడం, అంటే ఇన్నేళ్లుగా నేను రాత అని చేస్తున్నది, ఆ గడ్డి పరిచిన బండిలోనే నేర్చుకున్నాను.

నల్లజింక ఫోటో చూసిన మరునాడు పొద్దున నాయిన ఎప్పటిలాగే స్టూడియో తలుపులు తీశాడు. మొదటి గిరాకీ ధరూరు దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె. పింఛను కోసం ఫోటో కావాలంది. నేను ఎప్పటిలాగే ఆమెను కూర్చోబెట్టి, కెమెరా నాయిన చేతికివ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "అవ్వా, నాకు కండ్లు కనవడ్తలేవు" అన్నాడు. ఇన్నాళ్లు దాచిన మాట, గడప బయట నిలబడ్డవాళ్లకు కూడా వినపడేటట్టు అన్నాడు. "ఇగ ఈడ ఫోటోలు నా బిడ్డ దీస్తది. ఎట్ల కూసోవాల్నో నేను జెప్త. నీ ఇష్టం, ఉంటె ఉండు, లేకుంటె ఇంకో కాడికి పో." నడవలో అమ్మ చీపురు చప్పుడు ఆగిపోయింది. ముసలామె ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, కొంగు సర్దుకొని కుర్చీలో ఇంకొంచెం కుదురుగా కూర్చుంది.

"నాకు గూడ సక్కగ కనవడయ్ లే కొడుకా. పోరికి కనవడ్తే సాలు" అంది.

నాయిన నా పక్కకొచ్చి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం కనవడ్తుంది, జెప్పు" అన్నాడు. అవ్వ తల కొంచెం వంగిందనీ, కొంగు చెవిని కప్పిందనీ, నవ్వాలా వద్దా అని చూస్తున్నదనీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తల ఎత్తమన్నాడు, కొంగు వెనక్కి జరపమన్నాడు, నవ్వు సంగతి ఆమె ఇష్టానికే వదిలేశాడు.

"ఇగ దియ్, బిడ్డా" అన్నాడు.